మీరు దిద్దిన ట్యాగ్‌లు ఫైల్‌లో ఉండవు: ఈబుక్ లైబ్రరీ సర్దేవారి అపోహలు, అసలు సంగతులు

చిందరవందరగా ఉన్న ఈబుక్ లైబ్రరీలు సర్దిపెట్టడం నా పనిలో భాగం. చాలామంది వాడేది ఈబుక్‌లను సర్దిపెట్టుకునే క్యాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ కాబట్టి నా మాటలన్నీ దాని గురించే. ట్యాగ్ అంటే అందులో పుస్తకానికి తగిలించే "నవల", "చరిత్ర" లాంటి చిన్న గుర్తు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఒకటే గోడు: "నెలల తరబడి కూర్చుని ట్యాగ్‌లన్నీ శుభ్రం చేశాను, కొత్త లాప్‌టాప్‌లోకి మార్చాక మళ్లీ మొదటికొచ్చాయి." క్యాలిబర్ చెడిపోయిందనో, వైరస్ పట్టిందనో ఎవరో చెప్పి ఉంటారు. రెండూ కావు. అందుకే ముందు ఈ ట్యాగ్‌లు పోవడం సంగతే చెప్తాను. మిగతా అపోహలతో పోయేది కాస్త టైమే, దీంతో పోయేది చేసిన పనంతా.

అపోహ: నేను ట్యాగ్ మారిస్తే పుస్తకం ఫైల్‌లో కూడా మారిపోతుంది.

మారదు. మీరు క్యాలిబర్‌లో ట్యాగ్ మార్చినప్పుడు ఆ మార్పు లైబ్రరీ ఫోల్డర్‌లో ఉండే మెటాడేటా.డీబీ అనే డేటాబేస్ ఫైల్‌లోకి వెళ్తుంది. కాసేపటికి, ఆ పుస్తకం ఉన్న ఫోల్డర్‌లోని మెటాడేటా.ఓపీఎఫ్ అనే చిన్న ఫైల్‌లోకి కూడా బ్యాకప్‌గా చేరుతుంది. అసలు పుస్తకం ఉండే ఈపబ్ ఫైల్‌ను మాత్రం క్యాలిబర్ ముట్టుకోదు. పబ్లిషర్ ఏ ట్యాగ్‌లు రాసి పంపారో దాని లోపల ఇంకా అవే ఉంటాయి.

నమ్మకం కుదరకపోతే మీరే చూడండి. ఈపబ్ అంటే నిజానికి జిప్ ఫైలే. ఒక పుస్తకాన్ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి, చివర ఈపబ్ అని ఉన్నచోట జిప్ అని మార్చి తెరవండి. లోపల ఓపీఎఫ్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఫైల్ ఉంటుంది, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. "డీసీ:సబ్జెక్ట్" అని మొదలయ్యే లైన్లే ట్యాగ్‌లు. మీరు ఎప్పుడో తీసేశాననుకున్న "ఫిక్షన్ / జనరల్" అక్కడే దర్జాగా కూర్చుని ఉంటుంది.

ఇప్పుడు ఇల్లు మారినట్టు కంప్యూటర్ మారుతున్నారు. చాలామంది ఏం చేస్తారంటే, సెర్చ్‌లో ఈపబ్ అని కొట్టి, వచ్చిన ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటారు. కొత్త మెషీన్‌లో క్యాలిబర్‌కు ఆ ఫైళ్లిస్తారు. అది ఫైల్ తెరిచి, లోపల ఉన్న పాత ట్యాగ్‌లు చదువుకుని, వాటినే చూపిస్తుంది. అంటే క్యాలిబర్ తన పని తాను సరిగ్గానే చేసింది. మీ శ్రమంతా ఉన్న డేటాబేస్ పాత లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది.

మరి ఈ అపోహ ఇంత గట్టిగా ఎందుకు నాటుకుపోయిందంటే, ఈరీడర్‌కు, అంటే కిండిల్, కోబో లాంటి పుస్తకాలు చదివే పరికరానికి, పంపినప్పుడు మాత్రం క్యాలిబర్ ఆ పంపే కాపీలో కొత్త వివరాలు రాసి పంపుతుంది. రీడర్‌లో మీరు దిద్దిన పేరు, రచయిత కనిపించేసరికి "ఫైల్ మారిపోయింది" అనుకుంటారు. మారింది కాపీ. లైబ్రరీలోని అసలు ఫైల్ అలాగే ఉంది.

ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఇలాగే ఫోన్ చేశారు. "బాబూ, నా ట్యాగ్‌లన్నీ ఎవరో తుడిచేశారు" అని గొంతు వణుకుతోంది. పాత లాప్‌టాప్ ఏదండీ అంటే, ఫార్మాట్ చేయించి మనవడికి ఇచ్చేశారట. బ్యాకప్ లేదు. ఆయన్ని తప్పుపట్టడానికి ఏముంది? ఇలా జరుగుతుందని ముందే ఎవరూ చెప్పలేదు. అదృష్టం కొద్దీ ఆయన చదివేవాటిలో చాలావరకు ఈరీడర్‌లో ఉన్నాయి. ఆ కాపీల్లో కొత్త ట్యాగ్‌లు ఉంటాయి కాబట్టి వాటినే తిరిగి లైబ్రరీలోకి చేర్చాం. రీడర్‌కు ఎప్పుడూ పంపని పుస్తకాల ట్యాగ్‌లు మాత్రం పోయినట్టే. మాస్టారు ఒక్క నిట్టూర్పు విడిచి, "అయితే చదవనివాటికే నష్టం, పర్లేదులే" అన్నారు. నాకే మనసు ఒప్పుకోలేదు.

కాబట్టి చేయాల్సింది ఇది. కంప్యూటర్ మారేటప్పుడు క్యాలిబర్ మూసేసి, లైబ్రరీ ఫోల్డర్ మొత్తాన్ని, మెటాడేటా.డీబీతో సహా, ఉన్నదున్నట్టు కాపీ చేయండి. కొత్త మెషీన్‌లో "స్విచ్ లైబ్రరీ"తో ఆ ఫోల్డర్ చూపించండి, అంతే. ఒకవేళ డీబీ ఫైల్ పాడైనా, ఫోల్డర్లు అలాగే ఉంటే "లైబ్రరీ మెయింటెనెన్స్" కింద "రిస్టోర్ డేటాబేస్" ఉంది, అది ఆ ఓపీఎఫ్ ఫైళ్ల నుంచి మళ్లీ కట్టుకొస్తుంది. లేదూ, ట్యాగ్‌లు పుస్తకం లోపలే ఉండాలంటారా, "ఎంబెడ్ మెటాడేటా" అనే బటన్ ఉంది. మొదట్లో టూల్‌బార్‌లో కనిపించదు, ప్రిఫరెన్సెస్‌లో టూల్‌బార్ సెట్టింగ్స్‌కు వెళ్లి తెచ్చుకోవాలి. ఫైళ్లు బయటికి కావాలంటే "సేవ్ టు డిస్క్" వాడండి, అది కాపీలో వివరాలు రాసే ఇస్తుంది. ఫోల్డర్‌లోంచి చేత్తో లాక్కుంటే ఆ పని జరగదు. మామూలు టెక్స్ట్ ఫైల్ ఉంటే దాంట్లో ట్యాగ్ రాసుకునే చోటే లేదు, దానికి డేటాబేసే దిక్కు.

అపోహ: లైబ్రరీ ఫోల్డర్‌ను సబ్జెక్టుల వారీగా మనమే సర్దుకుంటే మంచిది.

దయచేసి వద్దు. ఆ ఫోల్డర్లు రచయిత పేరు, దాని లోపల పుస్తకం పేరు, బ్రాకెట్‌లో ఒక నంబర్, ఇలా ఉంటాయి. ట్యాగ్‌తో వాటికి సంబంధం లేదు. మీరు "చరిత్ర" అని ఫోల్డర్ పెట్టి ఫైళ్లు అందులోకి లాగితే, క్యాలిబర్‌లో పేరు కనిపిస్తుంది, నొక్కితే పుస్తకం తెరుచుకోదు. ఇప్పటికే చేసేసి ఉంటే కంగారు పడకండి. "చెక్ లైబ్రరీ" నడిపితే ఏవేవి తప్పిపోయాయో లిస్టు ఇస్తుంది, వాటిని తిరిగి వాటి చోట పెట్టేస్తే సరి.

అపోహ: ట్యాగ్ తీసేస్తే ఆ పుస్తకాలూ పోతాయి.

ఈ భయంతో ఏళ్ల తరబడి చెత్త ట్యాగ్‌లను భరించేవాళ్లున్నారు. ట్యాగ్ పోతుంది, పుస్తకం పోదు. కానీ బుక్ లిస్టులో పుస్తకాలు సెలెక్ట్ అయి ఉండగా డిలీట్ నొక్కితే మాత్రం అది వేరే కథ. ట్యాగ్ తీయాలంటే ఎడమవైపు ఉండే ట్యాగ్ బ్రౌజర్ జాబితాలో రైట్ క్లిక్ చేసి "మేనేజ్ ట్యాగ్స్"లోకి వెళ్లి తీయండి.

అపోహ: నెట్ నుంచి మెటాడేటా, అంటే పుస్తకం వివరాలు, డౌన్‌లోడ్ చేస్తే ట్యాగ్‌లు వాటంతటవే సర్దుకుంటాయి.

చాలా లైబ్రరీల్లో చెత్త మొదలయ్యేదే ఇక్కడ. ఒక్కో సైట్ ఒక్కో రకంగా విభజిస్తుంది, అన్నీ వచ్చి మీ నెత్తిన పడతాయి. డౌన్‌లోడ్ సెట్టింగ్స్‌లో ట్యాగ్‌ల దగ్గర టిక్ తీసేసి, అట్ట బొమ్మ, పబ్లిషర్ లాంటివి మాత్రం తెచ్చుకోండి. లేదా అక్కడే ట్యాగ్ రూల్స్ పెట్టుకోవచ్చు, ఫలానాది వస్తే ఫలానాగా మార్చు, ఫలానాది వస్తే పారెయ్ అని.

అపోహ: ఎన్ని ట్యాగ్‌లుంటే అంత సులువుగా దొరుకుతుంది.

ఒకే పుస్తకానికి తప్ప ఇంక దేనికీ వాడని ట్యాగ్ వల్ల ఏం దొరుకుతుంది? రచయిత పేరు, భాష, సిరీస్ ట్యాగ్‌లుగా పెడతారు, వాటికి విడిగా కాలమ్‌లు ఉండనే ఉన్నాయి. "చదివాను", "బాగుంది" లాంటివాటికి కస్టమ్ కాలమ్ చేసుకోండి. "నవల", "నవలలు", "నవల్స్" మూడూ ఉంటే మేనేజ్ ట్యాగ్స్‌లో రెండింటి పేరు మూడోదానికి మార్చండి, వాటంతటవే కలిసిపోతాయి. ఇంగ్లిష్ ట్యాగ్‌లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా క్యాలిబర్ పట్టించుకోదు, దానికి టెన్షన్ అక్కర్లేదు. కామా మాత్రం పట్టించుకుంటుంది: "కథలు, అనువాదం" అని కొడితే రెండు ట్యాగ్‌లవుతాయి.

తెలుగులో ట్యాగ్‌లు పెట్టేవాళ్లకు ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. "సైన్స్" అని అచ్చం ఒకేలా రెండు ట్యాగ్‌లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఎంత చూసినా తేడా తెలియదు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ చేరుస్తాయి, అక్షరాలు ఒత్తులుగా కలవకుండా. మనం చూస్తే ఒకే మాట, కంప్యూటర్‌కు రెండు. ఒకదాన్ని పూర్తిగా చెరిపి, రెండోదాన్ని కాపీ చేసి అక్కడ పేస్ట్ చేయండి. చేత్తో మళ్లీ టైప్ చేస్తే ఆ క్యారెక్టర్ మళ్లీ వచ్చి కూర్చోవచ్చు.

అపోహ: ట్యాగ్‌లే కిండిల్‌లో కలెక్షన్లుగా, అంటే పుస్తకాల గుంపులుగా, వస్తాయి.

రావు, అక్కడ మీరే చేసుకోవాలి. కోబో రీడర్లకైతే క్యాలిబర్ డివైస్ సెట్టింగ్స్‌లో ట్యాగ్‌ల నుంచి కలెక్షన్లు చేసే వీలుంది.

ఇవాళే మొదలుపెట్టేవాళ్లు ముందు ఫోల్డర్ కాపీ తీసి పక్కన పెట్టుకోండి. ఎందుకంటే ఒకేసారి వందల పుస్తకాలకు బల్క్ ఎడిట్‌లో సెర్చ్ అండ్ రీప్లేస్ చేశాక దానికి అన్‌డూ లేదు. ఆ తర్వాత మేనేజ్ ట్యాగ్స్‌లో కౌంట్ మీద నొక్కి, ఒక్క పుస్తకానికే ఉన్న ట్యాగ్‌లను పైకి తెచ్చి, అక్కడి నుంచి ఏరివేయండి. ఏరివేత అయ్యాక సెర్చ్ బాక్స్‌లో ట్యాగ్స్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఫాల్స్ అని కొడితే, అసలు ఒక్క ట్యాగూ లేకుండా మిగిలినవి వస్తాయి.