కడుపుది కాని ఆకలి

అనంతపురంలో రూము తీసుకొని గ్రూప్స్‌కు చదివిన రెండేళ్లలో నేను తిన్న మసాలా బొరుగులకు లెక్కలేదు. మాక్ టెస్టులో మార్కులు తగ్గినా, ఇంటికి ఫోన్ చేసి డబ్బులు అడగాల్సొచ్చినా, తోటివాడికి ఉద్యోగం వచ్చిందని తెలిసినా కాళ్లు వాటంతటవే బండి వైపు నడిచేవి. విచిత్రమేమంటే గంట ముందే మెస్సులో సంగటి కడుపునిండా తిని ఉండేవాణ్ణి.

నిజమైన ఆకలి మెల్లగా వస్తుంది, ఏది పెట్టినా ఊరుకుంటుంది. ఈ రెండోరకం ఆకలి మాత్రం ఉన్నట్టుండి పుడుతుంది, దానికి అన్నం వద్దు, బజ్జీనే కావాలి.

ఈ రెంటినీ మనిషి ఎందుకు కలగలిపేసుకుంటాడన్నది హిల్డే బ్రూక్ అనే మానసిక వైద్యురాలు చాలాకాలం పట్టుకొని ఆలోచించిన ప్రశ్న. బిడ్డ ఎందుకు ఏడ్చినా నోట్లో తిండే పెడితే, ఏది ఆకలో ఏది దిగులో ఆ బిడ్డకు వేరుగా తెలియకుండా పోతుందని ఆమె అనేది. (తప్పంతా తల్లుల మీదికే తోసే ధోరణి అప్పటి మానసిక వైద్యంలో బాగా ఉండేది, అది నాకు నచ్చదు.) కానీ మన భాషనే చూడండి, కోపమొస్తే కడుపు మండుతుంది, జాలేస్తే కడుపు తరుక్కుపోతుంది, చివరికి తిట్లు కూడా తినేవే! అమ్మ ఫోన్ చేస్తే మొదటి మాట "తిన్యావా?" అంతే. ప్రేమంతా అందులోనే ఉంటుంది, నిజమే, కానీ దిగులు గురించి చెప్పుకోవడానికి ఆ ప్రశ్నలో చోటుండదు.

టెన్షన్ పడితే అందరికీ ఆకలేస్తుందా అంటే, లేదు. పరీక్ష రోజు పొద్దున ఇడ్లీ గొంతు దిగదు కదా, అప్పటికప్పుడు పుట్టే భయం ఆకలిని చంపేస్తుంది. అదే టెన్షన్ వారాల తరబడి సాగితే కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువై, తీపి మీదికీ నూనె సరుకు మీదికీ మనసు లాగుతుంది. దీనికి తోడు నిద్ర చాలకపోవడం. 2004లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది.

వీటన్నిటికంటే నాకు పెద్ద దోషిగా కనిపించేది మాత్రం డైటింగ్. 1975లో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు కాలేజీ అమ్మాయిల్లో కొందరికి ముందు మిల్క్‌షేక్ తాగించి, కొందరికి తాగించకుండా, తర్వాత రుచి చూసే నెపంతో అందరి ముందూ ఐస్‌క్రీమ్ పెట్టారు. మామూలుగా తినేవాళ్లు, కడుపులో మిల్క్‌షేక్ పడింది కాబట్టి ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. రోజూ నోరు కట్టుకొని ఉండేవాళ్లు మాత్రం, మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు! ఎటూ ఈరోజుకు నియమం చెడింది, ఇంక లాగించేద్దాం అన్న లెక్కన్నమాట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గ్రీన్ టీతో గడిపి, రాత్రి ఒక చిప్స్ ప్యాకెట్ విప్పి, మూడోదాకా ఆగని నా రూమ్మేట్‌ది కూడా ఇదే కథ. పొద్దున్నే సిగ్గుతో మళ్లీ ఉపవాసం, రాత్రికి మళ్లీ ప్యాకెట్లు. వాడికి మనోబలం లేదని మేమంతా ఎగతాళి చేశాం, అది తలుచుకుంటే ఇప్పుడు బాధేస్తుంది.

ఇంతా తిన్నాక మనసు కుదుటపడుతుందా? 2014లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు కొందరిని రెండుసార్లు పిలిచి మనసు పాడుచేసే సినిమా ముక్కలు చూపించారు, ఒకసారి వాళ్లకు ఊరటనిచ్చే తిండి పెట్టారు, ఇంకోసారి వేరే తిండి పెట్టారు లేదా ఏమీ పెట్టలేదు. ఏ సారైనా కాసేపటికి మనసు దాదాపు ఒకేలా తేలికపడింది. ఎలాగూ తగ్గే దిగులే, పేరు మాత్రం తిండికి పోతోంది.

అలా చూస్తే రెండేళ్లూ నేను ఆ ఘనతను బొరుగులకే కట్టబెట్టాను. మార్కులు తగ్గిన మరో నలుగురు ఆ బండి దగ్గర ఎప్పుడూ ఉండేవాళ్లు, వాళ్ల తోడును లెక్కలోకే తీసుకోలేదు. బండాయన మాత్రం ఉల్లిపాయలు తరుగుతూ నా మొహం చూసి అడిగేవాడు: "ఏమప్పా, ఈపొద్దు కూడా తక్కువొచ్చినాయా?"