బోల్షోయ్ వేదిక మీంచి నురేయెవ్‌ను ఎందుకు దించేశారు?

2023 ఏప్రిల్‌లో మాస్కోలోని బోల్షోయ్ థియేటర్, మగవాళ్లను ప్రేమించిన నర్తకుడు రుడాల్ఫ్ నురేయెవ్ జీవితం మీద అల్లిన ‘నురేయెవ్’ అనే బ్యాలేను తన ప్రదర్శనల జాబితాలోంచి తీసేసింది. అప్పటి డైరెక్టర్ వ్లాదిమిర్ ఊరిన్ కారణం దాచలేదు. కొత్త చట్టమే కారణమన్నారు. 2022 డిసెంబర్‌లో పుతిన్ సంతకం పెట్టిన ఆ చట్టం ప్రకారం స్వలింగ సంబంధాలను మామూలు విషయంలా చూపించడానికి వీల్లేదు, చూసేవాళ్లు పెద్దవాళ్లే అయినా సరే.

ఆ బ్యాలేకు మొదటి నుంచీ గండాలే. 2017 జులైలో తొలి ప్రదర్శనకు మూడు రోజుల ముందు ఆపేశారు. రిహార్సల్స్ సరిగా కాలేదన్నారు గానీ, ఆ మాట నమ్మినవాళ్లు తక్కువ. ఆగస్టులో దర్శకుడు కిరిల్ సెరెబ్రెన్నికోవ్‌ను నిధుల దుర్వినియోగం కేసులో అరెస్టు చేసి గృహనిర్బంధంలో ఉంచారు. డిసెంబర్‌లో బ్యాలే వేదికెక్కిన రోజున చప్పట్లు అందుకోవడానికి అతను అక్కడ లేడు.

ఇంత టెన్షన్ దేనికో తెలియాలంటే అసలు మనిషి దగ్గరికి వెళ్లాలి.

రుడాల్ఫ్ నురేయెవ్ 1938 మార్చిలో సైబీరియా మీదుగా వెళ్తున్న రైల్లో పుట్టాడు. తండ్రి ఎర్రసైన్యంలో రాజకీయ అధికారి. ఆయన దగ్గరికే తల్లి ఫరీదా పిల్లలతో బయల్దేరింది. తాతార్ ముస్లిం కుటుంబం. పెరిగింది రష్యాలోని ఉఫా నగరంలో, యుద్ధకాలపు ఆకలిలో. చెప్పుల్లేక తల్లి వీపు మీద బడికి వెళ్లినవాడు. 1944 చివరి రాత్రి ఒక్క టికెట్టు చేతిలో పెట్టుకుని, ఆ తల్లి పిల్లలందరినీ ఉఫా ఆపెరా హాల్లోకి దూర్చేసింది. ఆ రాత్రి చూసిన బ్యాలే పిల్లవాడిని వదల్లేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన తండ్రికి మాత్రం మగపిల్లాడు నాట్యమాడటం గిట్టలేదు. కొట్టి చూశాడు, ఫలితం లేకపోయింది.

1955లో లెనిన్‌గ్రాడ్ బ్యాలే బడిలో చేరేనాటికి అతనికి 17 ఏళ్లు. మిగతావాళ్లు పదేళ్లకే మొదలుపెడతారు. ఆ లోటు పూడ్చింది గురువు అలెగ్జాండర్ పుష్కిన్. పేరు రష్యన్ మహాకవిదే గానీ మనిషి వేరు. శిష్యుణ్ణి తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. 1958లో అదే ఊళ్లోని కిరోవ్ థియేటర్‌లో చేరిన నురేయెవ్ త్వరలోనే పెద్ద పాత్రలు చేశాడు. చెప్పిన మాట వినడన్న పేరూ తెచ్చుకున్నాడు.

1961లో కిరోవ్ బృందం పారిస్ వెళ్లింది. అతను సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ హెచ్చరికల్ని లెక్కచేయకుండా ఫ్రెంచ్ స్నేహితులతో రాత్రిళ్లు తిరిగాడు. జూన్ 16న లె బుర్జే విమానాశ్రయంలో బృందమంతా లండన్ విమానం కోసం నిలబడి ఉంటే, అతణ్ణి మాత్రం మాస్కో వెళ్లమన్నారు. క్రెమ్లిన్‌లో నాట్యం చేయాలట. ఇక జన్మలో సరిహద్దు దాటనివ్వరని అతనికి అర్థమైపోయింది. స్నేహితురాలు క్లారా సాన్ ఫ్రెంచ్ పోలీసులతో మాట్లాడింది. మా అంతట మేం అతని దగ్గరికి వెళ్లలేం, అతనే మా దగ్గరికి రావాలన్నారు వాళ్లు. వెళ్లాడు, ఆశ్రయం అడిగాడు. కంచె మీంచి ఎగిరి దూకాడని తర్వాత కథలు పుట్టాయి. గెంతులకు పేరుపడ్డవాడు కదా, జనానికి ఆ కథే నచ్చింది. నిజానికి వేసింది కొద్ది అడుగులే.

దీన్ని కమ్యూనిజం మీద తిరుగుబాటుగా రాసినవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. అతనికి కావలసింది నాట్యం, ఇష్టమొచ్చినట్టు బతకడం. రెండోదే ఎక్కువ ప్రమాదం. 1934 నుంచీ సోవియట్ చట్టంలో మగవాళ్ల మధ్య సంబంధానికి ఐదేళ్ల దాకా జైలుండేది.

అతను లేకుండానే విచారణ జరిపి ఏడేళ్ల శిక్ష వేశారు. పత్రికల్లో అతని పేరు మాయమైంది. పుష్కిన్ 1970లో చనిపోయాడు, శిష్యుణ్ణి మళ్లీ చూడకుండానే. తల్లిని చూసి రావడానికి 1987లో, గోర్బచేవ్ కాలంలో, అనుమతి దొరికింది. అదీ రెండు రోజులే. అప్పటికామె మంచాన పడి, మాట్లాడే స్థితిలో లేదు.

దేశం విడిచాక అవతల అతను చేసింది తక్కువేమీ కాదు. 1962 ఫిబ్రవరిలో లండన్‌లో 42 ఏళ్ల బ్రిటిష్ బ్యాలే తార మార్గో ఫాంటెయిన్‌తో ‘జిజెల్’ బ్యాలే ఆడాడు. ఆమె రిటైర్ అవుతుందనుకుంటున్న రోజులవి. ఆ జోడీ ఏళ్ల తరబడి సాగింది. నాయికను ఎత్తి పట్టుకోవడమే పనిగా ఉన్న మగ నర్తకుడి వైపు జనం చూపు తిరిగింది. 1983 నుంచి 1989 దాకా పారిస్ ఆపెరా బ్యాలేను నడిపించాడు. మధ్యలో, 1984లో హెచ్‌ఐవీ బయటపడినా బయటికి చెప్పుకోలేదు.

1993 జనవరి 6న, 54 ఏళ్ల వయసులో పారిస్‌లో చనిపోయాడు. అదే ఏడాది రష్యా ఆ 1934 నాటి చట్టాన్ని ఎత్తేసింది. 2013లో మైనర్ల పేరుతో స్వలింగ సంబంధాల ప్రస్తావన మీద ఆంక్ష వచ్చింది. 2022లో అది అందరికీ వర్తించింది, మరుసటి ఏడాది బ్యాలే ఆగిపోయింది.

ఉఫాలోని బ్యాలే కళాశాలకు పెట్టిన పేరు మాత్రం రుడాల్ఫ్ నురేయెవ్‌దే.