డేటాకు తాళం పడింది 2018లోనే

2025 డిసెంబర్‌లో యూరోపియన్ కమిషన్ ఎక్స్ (పాత ట్విట్టర్) సంస్థకు 12 కోట్ల యూరోల జరిమానా వేసినప్పుడు అందరి చూపూ బ్లూ టిక్ మీదే పడింది. పరిశోధకులకు డేటా అందకుండా అడ్డంకులు పెట్టిందన్నది కూడా అందులో ఒక అభియోగం. పాత గొడవే, మళ్లీ రాజుకుంది.

ఫేస్‌బుక్ యూజర్ల డేటాను ఎన్నికల ప్రచారానికి వాడిన కన్సల్టెన్సీ కేంబ్రిడ్జ్ ఎనలిటికా కథ తెలిసిందే. దాదాపు 2.7 లక్షల మంది ఒక క్విజ్ యాప్ వాడారు. వాళ్ల స్నేహితులతో కలిపి 8.7 కోట్ల మంది వివరాలు బయటికి పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్ చెప్పింది. మన దేశంలో యాప్ వేసుకున్నది 335 మంది, వివరాలు పోయి ఉండొచ్చని లెక్క తేలింది 5,62,455 మందివి.

ఇక్కడ తేదీలు చూడాలి. యాప్‌లు స్నేహితుల డేటా లాగే దారిని ఫేస్‌బుక్ 2015 ఏప్రిల్‌కల్లా మూసేసింది. రచ్చ అయింది 2018 మార్చిలో. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, అప్పుడు పేజీలు, గ్రూపుల డేటాకూ తాళాలు పడ్డాయి. ఆ యాప్ చేసిందీ ఒక యూనివర్సిటీ పరిశోధకుడే కాబట్టి జాగ్రత్త తప్పదన్నది కంపెనీల వాదన. కాదనలేం. కానీ ఆ తాళాలతో గుమ్మం బయట మిగిలిపోయింది ఆ యాప్‌తో ఏ సంబంధమూ లేని మిగతా పరిశోధకులు.

వాళ్ల ఇబ్బంది బయటివాళ్లకు చప్పున అర్థం కాదు. ఎవరు ఎవరిని ఫాలో అవుతున్నారో ట్విట్టర్ చూపించేది, ఎప్పటినుంచి అన్నది చెప్పేది కాదు. అందుకే ఈ బంధాలు ఎలా మారుతున్నాయో తెలియాలంటే వారం వారం జాబితా తీసి, పాతదానితో పోల్చుకోవాలి. మధ్యలో ఆరు నెలలు ఆగితే ఆ ఆరు నెలల్లో కలిసి విడిపోయినవాళ్ల జాడ ఉండదు. డిలీట్ అయిన ఖాతాలూ అంతే. తర్వాత ఎంత డబ్బు పెట్టినా ఆ ఖాళీ పూడదు.

కంపెనీ తనంతట తాను ఇచ్చినదాన్ని నమ్ముకుందామన్నా కుదరలేదు. పరిశోధకులకు ఫేస్‌బుక్ ఇచ్చిన డేటాలో అమెరికా యూజర్లలో దాదాపు సగం మంది లేరని 2021లో బయటపడింది. పట్టుకున్నది ఇటలీలోని ఉర్బినో యూనివర్సిటీ పరిశోధకుడు. 2023 ఫిబ్రవరిలో ట్విట్టర్ ఉచిత ఏపీఐ (ప్రోగ్రాములతో డేటా తీసుకునే దారి) ఆపేస్తున్నట్టు వారం ముందు చెప్పింది. ఫేస్‌బుక్‌లో ఏ పోస్టులు ఎంతగా పాకుతున్నాయో చూపించే క్రౌడ్‌టాంగిల్ అనే సాధనాన్ని ఫేస్‌బుక్ యజమాని మెటా 2024 ఆగస్టు 14న మూసేసింది. దాన్ని ఎక్కువగా వాడుకున్నది జర్నలిస్టులు, పరిశోధకులే.

యూరప్ డిజిటల్ సర్వీసెస్ చట్టం 40వ అధికరణం ఈ తాళాన్ని చట్టంతో తీయించే ప్రయత్నం. మన 2023 డేటా రక్షణ చట్టం పరిశోధనకు కొన్ని షరతులతో మినహాయింపు ఇచ్చింది గానీ, కంపెనీలు డేటా ఇచ్చి తీరాలని ఎక్కడా అనలేదు. తెలుగు గ్రూపుల్లో పుకార్లు ఏ దారిలో పాకుతున్నాయో చూడాలనుకునే హైదరాబాద్ పరిశోధకురాలు యూరప్ తలుపు తట్టొచ్చు. అయితే ఆ పుకార్ల వల్ల యూరప్‌కు ఏం ముప్పో ముందు చూపించాలి.