యాభై మీటర్ల గీత: సైనికుల పేలుడు గాయాలు రికార్డుకెందుకు ఎక్కలేదు

సొంత ఆయుధాలు పేల్చీ పేల్చీ మెదడు దెబ్బతింటోందన్న వాదన అమెరికా సైన్యంలో మళ్లీ రాజుకుంది. చర్చంతా శాస్త్రం చుట్టూ తిరుగుతోంది. మాజీ సైనికుడి పరిహారం ఫైలు ఆగేది మాత్రం మరోచోట: సర్వీసు రికార్డంతా గాలించినా ఆ గాయం పేరిట ఒక్క కోడ్ (జబ్బుకో గాయానికో వైద్య రికార్డులో వేసే గుర్తు) దొరకదు.

ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో రోడ్డు పక్క బాంబుల సంగతి అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2010 జూన్‌లో వచ్చింది. పేలుడుకు 50 మీటర్లలోపు ఉన్నవారిని, పేలిన వాహనంలో ఉన్నవారిని, తలకు దెబ్బ తగిలినవారిని తప్పక పరీక్షించాలని, 24 గంటలు విశ్రాంతి ఇవ్వాలని రక్షణ శాఖ ఆదేశించింది. 2012లో అదే 6490.11 నిబంధన అయింది. మంచి నిబంధనే. ఒకటికి మించి పేలుళ్లకు గురైనవారిని కమాండర్ వైద్యుడి దగ్గరకు పంపాలన్న మాటా అందులో ఉంది. కానీ అది మోహరింపులో ఉన్నవారికే వర్తించింది, పైగా గాయానికి ఒక తేదీ, ఒక చోటు ఉంటాయన్న ఊహ మీద నిలబడింది. స్వదేశంలోని శిక్షణ మైదానంలో ఏళ్ల తరబడి 120 మిల్లీమీటర్ల మోర్టార్లు పేల్చినవాడు, భుజం మీంచి పేల్చే కార్ల్ గుస్తాఫ్ నేర్పే శిక్షకుడు ఏ తేదీ చెప్పాలి?

2015 అక్టోబరు 1న అమెరికాలో అమల్లోకి వచ్చిన వైద్య కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎం ఆ ఊహనే మోసుకొచ్చింది. కంకషన్‌కు, అంటే తల అదిరి మెదడుకు తగిలే తేలికపాటి గాయానికి, ఎస్06.0. పూర్తి కోడ్‌లో ఆరో అక్షరం స్పృహ గురించి: తప్పకపోతే 0, అరగంటలోపు తప్పితే 1, ఎంతసేపో తెలియకపోతే 9. ఏడో అక్షరం చికిత్స దశది: గాయానికి చికిత్స నడుస్తుంటే ఏ, కోలుకునే దశలో డి, మిగిలిపోయిన పర్యవసానాలకు ఎస్. తర్వాతే బయటి కారణం: యుద్ధమైతే వై36, శాంతికాలపు సైనిక విన్యాసాలైతే వై37. నాటుబాంబుకు వై36.23 ఉంది. సొంత మందుగుండుకు వై37.24 ఉంది గానీ, అది ప్రమాదవశాత్తు పేలినప్పటికే. ఆయుధం సక్రమంగా పేలిన ప్రతిసారీ తగిలిన పీడన తరంగం ఆ వాక్యంలో ఇమడదు.

ఇంకో లోటు. పేలుడు పీడనం వల్ల చెవికి, ఊపిరితిత్తులకు, పేగులకు కలిగే ప్రాథమిక గాయాలకు మొదటినుంచీ విడి కోడ్లున్నాయి: చెవికి ఎస్09.31, ఊపిరితిత్తికి ఎస్27.31. మెదడుకు ఎస్06.8ఏ చేరింది 2020 తర్వాతే.

వైద్యుడి రాతను కోడ్లుగా మార్చే కోడర్ల బల్ల దగ్గర జరిగే పొరపాట్లూ తక్కువేమీ కాదు. స్క్రీనింగ్‌లో అనుమానం వస్తే చాలు ఎస్06 వేసేస్తారు. వ్యాధి నిర్ధారణ కానంతవరకు అక్కడ ఉండాల్సింది మెదడు గాయం స్క్రీనింగ్ కోడ్ జెడ్13.850. నెలల తర్వాతి తలనొప్పికి 'ఏ' తగిలిస్తారు. ముందు ఆ లక్షణం కోడ్, వెనక 'ఎస్' ముగింపుతో గాయం కోడ్ రావాలి. తాజా కంకషన్‌తో కలిపి, కంకషన్ తర్వాత మిగిలే లక్షణాల కోడ్ ఎఫ్07.81 వేస్తే కోడింగ్ నియమమే ఒప్పుకోదు.

2020 జనవరి 8న ఇరాక్‌లో అమెరికా సైనికులున్న అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదన్నది మొదటి ప్రకటన. చివరికి వందమందికి పైగా మెదడు గాయం నిర్ధారణ అయింది. తేదీ, చోటు లోకమంతటికీ తెలిసిన దాడిలోనే లెక్క తేలడానికి వారాలు పట్టింది.

తలనొప్పి, నిద్రలేమి, మతిమరుపు వేరే కారణాలతోనూ వస్తాయని, ఇదే గాయమని తేల్చే పరీక్ష లేదని సైనిక వైద్యుల జవాబు. నిజమే. అయితే 2024 ఆగస్టులో రక్షణ శాఖే 4 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 4 పౌండ్ల) పీడనాన్ని జాగ్రత్తలు మొదలవ్వాల్సిన గీతగా పెట్టింది. ఆ గీతను సైనికుడు ఎన్నిసార్లు దాటాడో చెప్పే కోడ్ లేదు. అందుకే చెవిలో హోరు హెచ్93.1గా, నిద్రలేమి జి47.0గా విడివిడిగా పడుంటాయి. మాజీ సైనికుల పరిహార శాఖ తన సొంత పట్టికలోని 8045 కోడ్ కింద మెదడు గాయానికి 100 శాతం దాకా ఇవ్వగలదు. కానీ సర్వీసుతో లంకె ముందు రుజువు కావాలి.

వైద్యుడు రాయనిది కోడర్ వేయలేడు. ఏ ఆయుధం, రోజుకు ఎన్ని రౌండ్లు, గొట్టానికి ఎంత దూరంలో నిలబడ్డాడు, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి: ఈ నాలుగూ ప్రతి చీటీలో ఉంటే, కోడ్ లేకున్నా ఆ లంకెకు ఆధారం మిగులుతుంది.