భయంతో రక్తం గడ్డకడుతుందా? ల్యాబ్‌లో రోజూ వినే అపోహలు

ల్యాబ్‌లో రక్తం తీయడం నా పని. సూది కనిపించగానే ముఖం తిప్పుకునేవాళ్ళే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు.

అపోహ: టెన్షన్ మనసుకే గానీ రక్తానికి ఏం సంబంధం?

వాస్తవం: చాలా ఉంది. తెల్లకణాలన్నీ రక్తంతో పాటు తిరుగుతూ ఉండవు. సగం దాకా రక్తనాళాల గోడల్ని అంటిపెట్టుకుని ఉంటాయి. కంగారులో ఒంట్లో ఊరే హార్మోన్ అడ్రినలిన్ రాగానే ఊడి ప్రవాహంలో కలుస్తాయి. ఒకసారి గుక్కపట్టి ఏడుస్తున్న ఏడేళ్ళ బాబుకి, ఇద్దరం పట్టుకుని రక్తం తీశాం. తెల్లకణాల కౌంట్ 15 వేలు దాటింది. జ్వరం లేదు, దగ్గు లేదు. మర్నాడు వాళ్ళమ్మ ఒళ్ళో మగతగా ఉండగా తీస్తే 9 వేలు. పెద్దవాళ్ళలో 4 వేల నుంచి 11 వేల దాకా మామూలే. అలాగని కౌంట్ పెరిగిన ప్రతిసారీ టెన్షన్ అని కొట్టిపారేస్తే మాత్రం ఒప్పుకోను.

మెట్లు గబగబా ఎక్కి వచ్చి వెంటనే చెయ్యి చాపేవాళ్ళని కాసేపు కూర్చోమనేది కూడా ఇందుకే. పనిలేక కాదు.

అపోహ: భయంతో రక్తం గడ్డకట్టడమనేది మాటవరసకి అనేదే.

వాస్తవం: సగం నిజం. ఉద్రేకంలో ఉన్నప్పుడు, అడ్రినలిన్ ఎక్కించినప్పుడు పిల్లుల రక్తం త్వరగా గడ్డకడుతుందని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1914లోనే చూపించారు. మనుషుల్లోనూ గట్టి టెన్షన్‌లో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రోటీన్ ఫ్యాక్టర్ 8 పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు చురుకవుతాయి. రక్తంలోని నీరు కొంత నాళాల బయటికి పోయి రక్తం చిక్కబడుతుంది. గాయమైతే ప్రాణం కాపాడే ఏర్పాటిది. గుండె రక్తనాళాలు అప్పటికే పూడుకున్న మనిషికి అదే ముప్పు.

అపోహ: ఆందోళన పడితే రక్తం ఆమ్లమైపోతుంది.

వాస్తవం: చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులు! కంగారులో గబగబా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. రక్తం ఆమ్లమా క్షారమా చెప్పే కొలత పీహెచ్, మామూలు హద్దు 7.45 దాటి పైకి, అంటే క్షారం వైపు వెళ్తుంది. మూతి చుట్టూ, వేళ్ళ చివర్ల తిమ్మిర్లు అందుకే. శక్తికి మించి పరుగెత్తితే మాత్రం కాసేపు పీహెచ్ తగ్గుతుంది.

అపోహ: రక్తం తీసేటప్పుడు పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉంటే మంచిది.

వాస్తవం: వద్దు. పట్టీ బిగించిన చేతిని అలా ఆడిస్తే కండరాల్లోని పొటాషియం రక్తంలోకి వస్తుంది. ఒంట్లో లేని ముప్పు రిపోర్టులో కనిపిస్తుంది.

అపోహ: టెన్షన్‌కి బ్లడ్ గ్రూపు మారుతుంది.

వాస్తవం: మారదు.

అపోహ: షుగర్ ఎక్కువొచ్చింది కేవలం టెన్షన్ వల్లే.

వాస్తవం: ఆ పూట చూసిన షుగర్‌కి ఆ సాకు కొంత చెల్లుతుంది. కంగారులో కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ని వదులుతుంది. హెచ్‌బీఏ1సీకి చెల్లదు. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. గత రెండు మూడు నెలల్లో దానికి అంటుకున్న చక్కెరనే ఆ పరీక్ష లెక్కగడుతుంది. ఈ ఒక్క పొద్దుటి కంగారుతో ఆ అంకె కదలదు.