ఆ 5 కిలోపాస్కళ్ళు ఏమైపోయాయి?

కెనడాలోని అల్బర్టాలో ఆయిల్ శాండ్స్ (తారులాంటి చమురు కలిసిన ఇసుక) గనుల వ్యర్థాల చెరువుల నీటిని శుద్ధిచేసి అథబాస్కా నదిలోకి వదలొచ్చా అన్న గొడవ మళ్ళీ రాజుకుంది. ఇసుక నుంచి చమురు తీశాక మిగిలిన బురద నీళ్ళే ఈ చెరువులు. 2008లో అలాంటి ఓ చెరువులో వాలిన బాతులు పెద్ద సంఖ్యలో చచ్చాయి. ఇవాళ్టి పేచీకి మూలం 2009 ఫిబ్రవరిలో అల్బర్టా నియంత్రణ సంస్థ తెచ్చిన బురద నిబంధన డైరెక్టివ్ 074లో, ఆరేళ్ళకే దాన్ని పక్కన పెట్టడంలో ఉంది.

ఆ నిబంధనలో డొంకతిరుగుడు లేదు. 44 మైక్రాన్ల కన్నా సన్నటి రేణువుల్లో సగం చెరువుపాలు కాకుండా పట్టాలి. పోసిన బురద ఏడాదిలో 5 కిలోపాస్కళ్ళ (బురద జారిపోకుండా నిలిచే బలానికి కొలత) గట్టిదనానికి రావాలి. పోత ఆపాక ఐదేళ్ళలో యంత్రాలు తిరిగేలా 10కి చేరాలి.

కంపెనీలు పాలిమర్‌ను, అంటే సన్నటి రేణువులను ముద్దగా పట్టి ఉంచే రసాయనాన్ని, నమ్ముకున్నాయి. చెరువు అడుగున బురద రెండు మూడేళ్ళలో 30–35 శాతం ఘనపదార్థానికి చేరి, తోడుకున్న పెరుగులా దశాబ్దాల తరబడి అలాగే ఉండిపోతుంది. పాలీఅక్రిలమైడ్ అనే ఆ పాలిమర్ పొడిని ఉండకట్టకుండా నీళ్ళలో చల్లి, 0.4 శాతం ద్రావణం చేసి, గంటసేపు నానబెట్టి, బురద పారే పైపులోకే ఎక్కిస్తారు. మోతాదు టన్ను ఘనపదార్థానికి కిలోకి అటూ ఇటూ. సెకన్లలో బురద బిగుసుకుంటుంది. ఇంకాస్త కలిపితే విరిగి నీరు వదులుతుంది. కలపడం అక్కడే ఆపాలి. పైపు మరీ పొడవైనా, దారిలో సెంట్రిఫ్యూగల్ పంపు తగిలినా ఫ్లాక్ (కూడుకున్న రేణువుల ముద్ద) నలిగిపోయి మళ్ళీ పల్చబడుతుంది. మందు ఎక్కువైతే జిగురెక్కి నీటిని వదలదు.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. పాలిమర్ నీటిని విడదీస్తుంది గానీ గట్టిదనం ఇవ్వదు. దానికి ఎండ, గాలి, శీతకాలపు గడ్డకట్టుడు కావాలి. వాలు నేల మీద జానెడు మందాన పొరలు పోసి ఆరబెట్టాలి, అంటే బోలెడంత నేల కావాలి, అక్కడి వేసవేమో కొద్ది నెలలే. లక్ష్యాలు అందలేదని 2013లో నియంత్రణ సంస్థే నివేదిక ఇచ్చింది, చర్య మాత్రం తీసుకోలేదు. పద్ధతులు కుదురుకోవడానికి గడువు చాలలేదన్నది కంపెనీల మాట.

2015 మార్చిలో 074ను ఆపేశారు. 2016లో వచ్చిన డైరెక్టివ్ 085 కింద అందరికీ ఒకే గట్టిదనం అంకె లేదు. కొలమానాలు కంపెనీలే ప్రతిపాదిస్తాయి, గని మూతపడ్డ పదేళ్ళకు బురద పునరుద్ధరణకు సిద్ధమైతే చాలు. దాంతో సన్‌కోర్ అనే కంపెనీ ఆలం (పటిక), పాలిమర్ కలిపిన బురదను తవ్వేసిన గోతిలో నింపి, పైన నీళ్ళు కప్పి సరస్సు చేసే దారి పట్టింది. నేల మీద ఆరబెట్టేందుకు తెచ్చిన మందే ఇప్పుడు నీటి కిందికి చేరింది.

బురద వదిలిన నీటి సంగతి? పాలిమర్ బంకమట్టిని పడుతుంది. నీటిలో కరిగి ఉన్న నాఫ్థెనిక్ ఆమ్లాల (చమురు నుంచి వచ్చే విషపదార్థాల) జోలికి, ఉప్పు జోలికి పోదు. ఆ నీరే ప్లాంటులో తిరిగి తిరిగి ఉప్పెక్కుతోంది, బయటికి వదిలే అనుమతి లేక పేరుకుపోతోంది. నదిలోకి దారి ఇవ్వమనడం అందుకే.

దిగువన ఫోర్ట్ చిపెవాన్‌లోని ఆదివాసీలు ఆ శుద్ధి మాటను నమ్మకపోవడానికి కారణం ఉంది. కెర్ల్ అనే ఆయిల్ శాండ్స్ గని దగ్గర రంగు మారిన నీరు కనిపించిందని 2022 మేలో వాళ్ళకు ఓ కబురు అందింది. తర్వాత తొమ్మిది నెలలు వివరం లేదు. 2023 ఫిబ్రవరిలో అక్కడే మరో కుంట నుంచి 53 లక్షల లీటర్లు పొంగాకే అది చెరువు నుంచి ఊరిన నీరన్న సంగతి బయటపడింది.