5, 6 ఒకటా రెండా?

రెండు పాచికలు కలిపి వేస్తే మొత్తం 11 పడటం తేలికా, 12 పడటం తేలికా? కలన గణితాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకడైన లైబ్నిజ్ అంతటివాడు రెండూ సమానమేనని రాసేశాడు. 12 రావాలంటే 6, 6 పడాలి, 11 రావాలంటే 5, 6 పడాలి, చెరో దారే కదా అని ఆయన వాదన. వింటే నిజమేననిపిస్తుంది కూడా. కానీ ఒక పాచికకి ఎర్ర రంగు, రెండోదానికి నీలం వేసి చూడండి. ఎర్రది 5, నీలం 6 పడొచ్చు, లేదంటే ఎర్రది 6, నీలం 5 పడొచ్చు. మొత్తం 36 ఫలితాల్లో 11కి రెండున్నాయి, 12కి ఒక్కటే. రంగు వేయకపోయినా పాచికలు రెండూ వేరువేరు వస్తువులే కాబట్టి లెక్క మారదు.

ఇంక విడగొట్టలేని ఒక్క ఫలితాన్ని ప్రాథమిక ఘటన అంటారు, అలాంటివి ఒకటికి మించి ఉంటే సంయుక్త ఘటన. బళ్లో ఈ నిర్వచనాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుని మర్చిపోతాం, ఎందుకంటే ఆ తేడా తెలిస్తే ఒరిగేదేమిటో చాలా పుస్తకాలు చెప్పవు. పాచిక సరిగ్గా ఉంటే సమాన అవకాశం ఉండేది ప్రాథమిక ఘటనలకే. సంయుక్త ఘటనలో అలాంటివి ఎన్ని దాగున్నాయో లెక్కపెట్టకుండా పందెం కాస్తే జేబుకి చిల్లే. (వైకుంఠపాళి గవ్వలకైతే ఆ సమానత్వం కూడా లేదు. గవ్వకి వీపు ఒకలా, పొట్ట ఒకలా ఉంటుంది మరి.)

ఇదే చిక్కు గెలీలియో దగ్గరికీ వచ్చింది, ఈసారి మూడు పాచికలతో. మొత్తం 9 రావడానికి ఆరు కూర్పులున్నాయి, 10 రావడానికీ ఆరే, అయినా 10 ఎక్కువగా పడుతోందని ఆడేవాళ్లు అనుభవం మీద గమనించారు. ఆయన ఒక్కో కూర్పునీ విప్పి చూశాడు. 6, 2, 1 అనేది ఆరు రకాలుగా పడొచ్చు, 5, 2, 2 అయితే మూడే రకాలు, 3, 3, 3కి ఒకటే దారి. అన్నీ కూడితే 216 ఫలితాల్లో 9కి 25, 10కి 27 వచ్చాయి. తేడా నూటికి ఒకటి కూడా లేదు! అంత సన్నని తేడాని కాగితం, కలం లేకుండా పసిగట్టారంటే ఆ జూదగాళ్లు ఎన్ని రాత్రులు ఆడి ఉంటారో.

అలాగని లైబ్నిజ్ తరహా లెక్క ఎక్కడా చెల్లదని కొట్టిపారేయలేం. 1924లో ఢాకాలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలకు దాదాపు అలాంటి లెక్కే వేశాడు. రెండు ఫోటాన్లు, రెండు గదులు అనుకోండి. పాచికల్లా లెక్కిస్తే నాలుగు ఫలితాలు, గదికొకటి చొప్పున ఉండే అవకాశం సగం. కానీ ఒకే రకం ఫోటాన్లలో ఇది ఎర్రది, అది నీలం అని గుర్తు పెట్టే వీలు ప్రకృతిలోనే లేదు. అందుకని ‘ఇదిక్కడ, అదక్కడ’, ‘అదిక్కడ, ఇదక్కడ’ అనేవి రెండు కాదు, ఒకటే ప్రాథమిక ఘటన. ఫలితాలు మూడే, ఒక్కోదానికి మూడో వంతు. ఈ లెక్కతో వేడి వస్తువుల కాంతి గురించి ప్లాంక్ ఇచ్చిన సూత్రం సరిగ్గా వచ్చేసింది. బోస్ పంపిన ఆ వ్యాసాన్ని ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించాడు.